నోరాడొచ్చు, చెయ్యాడకూడదు

తన హక్కు తాను పోగొట్టుకునే క్షణాన్ని గడియారం పెట్టుకుని లెక్కపెట్టిన దేశాన్ని ఎక్కడైనా చూశారా? 2020 జనవరి 31 రాత్రి లండన్‌లో, ప్రధాని ఇంటి గోడ మీదే గడియారం బొమ్మ వేసి మరీ అంకెలు లెక్కపెట్టారు. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్‌కు విముక్తి అట! ఆ ఏడాది ఆఖరికి అసలు బిల్లు చేతికొచ్చింది. మిగతా 27 దేశాల్లో ఎక్కడైనా పని చేసుకునే హక్కు గల్లంతు. మిగిలింది ఐర్లండ్ ఒక్కటే. అదీ పాత ఇరుగుపొరుగు ఒప్పందం పుణ్యం, వీళ్ల ఘనత కాదు.

సమాఖ్యలో ఉండాలా, విడిపోవాలా అని 2016 జూన్ 23న ఓటింగ్. మూడు నాలుగు రోజులకే, విడిపోదామన్న నేత బోరిస్ జాన్సన్ గారు పత్రికలో హామీ రాశారు. మనవాళ్లు ఇకమీదటా ఐరోపాలో పని చేసుకోవచ్చు, ఇళ్లు కొనుక్కోవచ్చు, స్థిరపడొచ్చు అని. తర్వాత ఆయనే ప్రధాని. ఆయనదే సంతకం. మరి ఆ హామీ ఏ గంగలో కలిసింది?

సమాఖ్యతో ఆయన సంతకం పెట్టిన ఒప్పందంలో చమత్కారం చూడండి. సూటూ బూటూ వేసుకుని మీటింగుకు వెళ్లొచ్చు. ట్రేడ్ ఫెయిర్‌లో నవ్వుతూ నిలబడొచ్చు. ఆర్డర్లు రాసుకోవచ్చు. గోడ కట్టాలంటే? పర్మిట్. హోటల్లో ప్లేట్లు కడగాలంటే? పర్మిట్. నోరు ఎంతైనా ఆడించుకో, చెయ్యాడితేనే తప్పు! పాటగాడి ఊసైతే ఆ జాబితాలోనే లేదు. గిటార్ భుజానేసుకుని దేశానికో రూలు చదువుకుంటూ తిరగాలి. తప్పెవరిది? లండన్ సమాఖ్య కేంద్రం బ్రసెల్స్ వైపు వేలు చూపింది, బ్రసెల్స్ లండన్ వైపు. వేలు చూపడానికి పర్మిట్ అక్కర్లేదు మరి.

1980ల్లో సొంతూళ్లో పనుల్లేని ఇంగ్లండ్ తాపీమేస్త్రీలు జర్మనీ వెళ్లి ఇటుకలు పేర్చారు. వాళ్ల మీద టీవీ సీరియలే వచ్చింది. ఇప్పుడు వాళ్ల మనవడు వెళ్లాలంటే యజమాని దొరకాలి, కాగితాలు నెగ్గాలి, ఆఫీసు కరుణించాలి.

పెద్దలకీ తిప్పలున్నాయా? విడిపోదాం ప్రచారానికి కొన్నాళ్లు అధ్యక్షుడిగా వెలిగిన నైజెల్ లాసన్ గారు కాపురం పెట్టింది ఫ్రాన్స్‌లో. 2018లో అక్కడి నివాస కార్డుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. జాన్సన్ గారి నాన్నగారు 2022లో ఏకంగా ఫ్రెంచి పౌరుడైపోయారు. వాళ్లమ్మ ఫ్రాన్స్‌లో పుట్టిందట. కొడుకు తలుపు మూశాడు, తండ్రి కిటికీలోంచి దూరాడు!

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే మనం నవ్వుతాం. ఐర్లండ్ ప్రభుత్వం నవ్వదు. అమ్మమ్మ అక్కడ పుట్టినట్టు కాగితం చూపిస్తే నిజంగానే మూతి వాసన చూసి పౌరసత్వం ఇస్తుంది, దాంతో ఐరోపా తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. మరి అమ్మమ్మది గుంటూరైతే? భారత పాస్‌పోర్టు వదులుకుని, రాణిగారికి ప్రమాణం చేసి, ఐరోపా మొత్తం జేబులో పడిందనుకున్న మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఏమైపోవాలి? ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. పని దగ్గరికొచ్చేసరికి వాళ్లకీ, నిన్న వరంగల్ నుంచి దిగిన కుర్రాడికీ ఐరోపా పెట్టిన పేరు ఒకటే. మూడో దేశం వాళ్లు.

ఇంతా చేస్తే దక్కిందేమిటయ్యా? నీలి పాస్‌పోర్టు! జాతి గౌరవమంటూ ఊదరగొట్టారు. కాంట్రాక్టు ఫ్రెంచి-డచ్ కంపెనీకి పోయింది. తయారైంది పోలండ్‌లో. దాన్ని అచ్చేసిన పోలండ్ కార్మికుడు రేపు పొద్దున్నే బెర్లిన్‌లోనో పారిస్‌లోనో పనికి చేరొచ్చు. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగే బ్రిటన్‌వాడు, అది అచ్చయిన ఊళ్లో కూలికి వెళ్లాలన్నా పర్మిట్ తెచ్చుకోవాల్సిందే.