నాలుగు జంటల ద్వీపాంతరవాసం

‘ద్వీపాంతరవాసం’ అనే మాట ఒకప్పుడు తెలుగునాట న్యాయస్థానాల్లో తప్ప అంతగా వినిపించేది కాదు. వేరొక ద్వీపంలో నివసించడం అన్నది దాని అక్షరార్థమే అయినా, వలస పాలనలో అది ఉరికి ఒక మెట్టు కింద నిలిచిన శిక్షకు పేరు. ఆ శిక్ష పడినవాణ్ణి ఓడ ఎక్కించి, బంగాళాఖాతం దాటించి అండమాన్‌లో దింపితే, ఇంటిల్లిపాదీ అతనిమీద ఆశ వదులుకునేవారు. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కినవారు అదే సముద్రాన్ని రెండున్నర గంటల్లో దాటుతున్నారు కాబట్టి ఆ మాటకు అర్థం మారింది, న్యాయమూర్తితో అవసరం తీరింది. నాలుగు జంటలు, ఒక వాట్సాప్ గ్రూపు, ‘అయిదు రాత్రులు, ఆరు పగళ్లు’ అనే ప్యాకేజీ ఉంటే చాలు, ఎనిమిదిమందీ తమకు తామే శిక్ష విధించుకుని, దాని ఖర్చును నెలవారీ వాయిదాల్లో తామే చెల్లించుకుంటున్నారు.

ఈ కొత్త ఆచారాన్ని సమర్థించేవారు దానికి మూడు ప్రయోజనాలు చెబుతారు. పంచుకుంటే ఖర్చు తగ్గుతుందనేది మొదటిది, కలిసి తిరిగితే స్నేహం గట్టిపడుతుందనేది రెండోది, నగరపు రొదకు దూరంగా భార్యాభర్తలకు కాస్త ఏకాంతం దొరుకుతుందనేది మూడోది. మొదటి రెండింటి సంగతి ముందు ముందు తేలుతుంది గాని, మూడోదానికి మాత్రం పెద్ద విచారణ అక్కరలేదు. ఏకాంతం కోసం ఆరుగురిని వెంటబెట్టుకుని బయలుదేరడాన్ని పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమని పూర్వులు ఏనాడో తేల్చేశారు. ఆ సామెతలో పిల్లి ఒక్కటే కాబట్టి పెళ్లి ఎలాగో జరిగిపోయి ఉంటుంది; ఇక్కడ ఒక్కో జంట చంకలో ఆరేసి పిల్లులు ఉంటాయి.

సాధారణ గణితం తెలిసినవారికి అసలు ప్రమాదం ఎక్కడుందో ఇట్టే అర్థమవుతుంది. ఎనిమిదిమంది మధ్య ఇద్దరిద్దరి చొప్పున ఏర్పడే సంబంధాలను లెక్కిస్తే 28 వస్తాయి. వాటిలో ముహూర్తం చూసి, మంత్రాలు చదివి, పదిమంది అక్షింతలు వేసి నిలబెట్టినవి నాలుగే. మిగిలిన 24 సంబంధాలు, అంటే ఒకరి భార్యకూ మరొకరి భార్యకూ, ఒకరి భర్తకూ వేరొకరి భార్యకూ, పాత స్నేహితుడికీ కొత్త ఉద్యోగంలో పైకి వెళ్లిన స్నేహితుడికీ మధ్య ఉండేవి, ఊళ్లో ఉన్నంతకాలం పుట్టినరోజు విందులో రెండు గంటలపాటు నవ్వుమొహాలతో నెట్టుకొచ్చినవి. రెండు గంటల బరువుకు కట్టిన ఆ వంతెనల మీదుగా ఆరు రోజుల సామాను తోలితే అవి కూలవని నమ్మడాన్నే ఈ సమర్థకులు స్నేహం అంటున్నారు.

నగరం నుంచి పారిపోతున్నామని చెప్పుకునే ఈ బృందం దీవిమీద అడుగుపెట్టగానే చేసే మొదటి పని, తాను వదిలివచ్చిన అపార్టుమెంటు సంక్షేమ సంఘాన్ని అక్కడ పునఃప్రతిష్ఠించడం. టిక్కెట్లు కొన్నవాడు తనంతట తానే కార్యదర్శి అవుతాడు, ఫోనులో లెక్కలు రాసే యాప్ ఉన్నవాడు కోశాధికారి అవుతాడు, ఏ పనీ తీసుకోకుండా ప్రతి నిర్ణయానికీ ‘నాకు ముందే అనిపించింది’ అనేవాడు ప్రతిపక్షం అవుతాడు. నాలుగు గదుల్లో సముద్రం కనబడేది ఒక్కటే అయినప్పుడు దాన్ని ఎవరికివ్వాలనే సమస్య తలెత్తుతుంది. చీట్లు వేసి తేల్చాక, గెలిచిన జంట ‘మీరు తీసుకోండి, మాకేం పట్టింపు లేదు’ అని మూడుసార్లు అనడం, ఓడిన జంటలు ‘అబ్బే, గదిలో ఉండేదెంతసేపని’ అని మూడుసార్లు బదులివ్వడం ఆ సంఘం తొలి సమావేశపు తీర్మానాలుగా నమోదవుతాయి. ఆ రాత్రి మూడు గదుల్లో జరిగే చర్చ మాత్రం నమోదుకు నోచుకోదు.

సంఘపాలనలో ఉన్నవారికి సూర్యుడితో కూడా పేచీ తప్పదు. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. ఈ బృందాలు ఎక్కువగా దిగే స్వరాజ్ ద్వీప్, అంటే 2018 చివరి దాకా హేవ్‌లాక్ అనే పేరుతో ఉన్న దీవి, దాదాపు 93వ డిగ్రీ దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా వస్తుంది కాబట్టి, కాకినాడ కన్నా సుమారు 40 నిమిషాలు, హైదరాబాదు కన్నా దాదాపు గంట ముందే అక్కడ పొద్దు పొడుస్తుంది, పొద్దు వాలడం కూడా అలాగే ముందుకు జరుగుతుంది. గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. డిసెంబరులో అయిదు దాటిన కాసేపటికే సూర్యుడు నీళ్లలో దిగిపోతాడు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి బీచ్‌గా ఎంచిన రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలని నాలుగింటికి బయలుదేరవలసిన బృందం, ఒకరి స్నానం, ఇంకొకరి కునుకు, ఎనిమిదిమందికీ ఒకే రంగులో కుట్టించిన చొక్కాల్లో ఒకటి ఇస్త్రీ కాకపోవడం, రెండు ట్యాక్సీల్లో ఎవరు ఎవరితో ఎక్కాలనే దౌత్యం అన్నీ ముగించుకుని ఆరు కావస్తుండగా అక్కడికి చేరుతుంది. అప్పుడు తీసిన ఫోటోలో ఎనిమిది నల్లని ఆకారాలు, వాటి వెనక ఇంకా నల్లని సముద్రం కనిపిస్తాయి. దాని కింద రాసే ‘స్వర్గం’ అన్న ఒక్క మాటే ఆ చీకట్లో దీపం.

ఖర్చు తగ్గుతుందన్న మొదటి ప్రయోజనాన్ని పరీక్షించడానికి భోజనాల బల్లను మించిన ప్రయోగశాల లేదు. బృందయాత్రల అర్థశాస్త్రానికి మూలస్తంభమైన సమభాగ సిద్ధాంతం ప్రకారం, ఎవరు ఏం తిన్నా మొత్తం బిల్లును జంటల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు బల్లమీద ఒక పెద్ద లాబ్‌స్టర్, రెండు పళ్లేల పీతలు, వెన్నలో వేయించిన రొయ్యలు, వాటికి తోడుగా కొన్ని సీసాలు, ఒక మూలన ఒక పప్పు, నాలుగు రొట్టెలు, ఒక పెరుగు గిన్నె ఉన్నాయనుకుంటే, బిల్లు 8,800 రూపాయలు అయితే, ఆ మూలన కూర్చున్న శాకాహార జంట తిన్నది 600 రూపాయలదే అయినా కట్టవలసింది 2,200. ఆ 1,600 రూపాయల తేడాను నోరెత్తి అడిగితే పిసినారితనం, అడగకపోతే రక్తపోటు. అందరూ శ్రీవైష్ణవులే గాని బుట్టెడు రొయ్యలు ఏమయ్యాయో తెలియలేదన్నది పాత సామెత. కొత్త బృందంలో రొయ్యలు ఏమయ్యాయో అందరికీ తెలుసు, శ్రీవైష్ణవులు వాటికి డబ్బులు కట్టడమే కొత్త. కట్టినవాడు మరునాడు కసితీరా, అవసరం లేకపోయినా, రెండు కొబ్బరిబోండాలు ఎక్కువ తాగుతాడు. ఖర్చు తగ్గడమంటే ఇదే.

నీటి అడుగున కూడా పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉండదు. తెలుగువారికి పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రని రాయి, నవరత్నాల్లో ఒకటి. కాని పగడం పుట్టుకతో రాయి కాదు, ప్రాణి. పాలిప్ అనే చిన్న జీవి తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దిబ్బలు కట్టే పగడాల కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు, అంటే నాచు జాతికి చెందిన జీవులు, కాపురముంటాయి. పాలిప్ నీడనిస్తే, శైవలం ఎండను ఆహారంగా మార్చి పెడుతుంది. ఆ పగడాల రంగులూ చాలావరకు దాని చలవే. సముద్రపు వేడి మామూలు వేసవి స్థాయిని ఒక డిగ్రీ దాటి కొన్ని వారాలు అలాగే నిలిస్తే ఆ జంట విడిపోతుంది, పగడం తెల్లబోతుంది. 2010లో అండమాన్ సముద్రంలో ఇలాంటి విడాకులు పెద్ద ఎత్తున జరిగాయి. ఇన్ని కోట్ల జంటలు కాపురం చేస్తున్న చోటికి, అనుభవం లేనివారికి విధించిన 12 మీటర్ల హద్దుకు లోబడి, వెనక నుంచి శిక్షకుడు సిలిండర్ పట్టుకుని నడిపిస్తుండగా మన నాలుగు జంటలూ దిగుతాయి, దిగి కెమెరాను చూస్తాయి. ఒడ్డుకొచ్చాక వీడియోలో ఎవరిది ఎంతసేపు వచ్చిందనే వివాదం నడుస్తుంది. ఇంతలో ఒక చేతిసంచీలో చచ్చిన పగడపు ముక్క ఒకటి జ్ఞాపికగా చేరుతుంది. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలోనే, రక్షణ ఉందన్న సంగతి విమానాశ్రయపు తనిఖీలో గాని తెలియదు. తెలిశాక ఆ సంచీ ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం సమభాగ సిద్ధాంతం వర్తించదు.

శ్రీవిజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకున్న ఊరికి, తిరిగి వచ్చాక ఒక పూట సెల్యులార్ జైలుకు కేటాయిస్తారు. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఒక్కో గదిలో ఒక్క ఖైదీయే ఉండాలి; ఒక రెక్క ముఖం మరో రెక్క వీపును చూసేలా కట్టడం వల్ల ఎదుటివాడి కళ్లు చూసి పలకరించే వీలు కూడా ఉండేది కాదు. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మనిషిని మనిషికి దూరం చేసి విరగ్గొట్టడానికి కట్టిన ఆ గోడల ముందు నిలబడి, ఆరు రోజులుగా ఒకరికొకరు దూరం కాలేక విరిగిపోతున్నవారు వేళ్లు చాపి ఫోటో దిగుతారు. తెలుగు మన్యం వారెవరైనా ఇక్కడ ఉన్నారా అని అడిగే తీరిక కార్యదర్శి పట్టికలో ఉండదు, ఎందుకంటే పదకొండున్నరకు నీటి స్కూటర్లున్నాయి.

చూడవలసినవి చూడని ఈ కళ్లు చూడకూడనిదాని కోసం మాత్రం బాగా విచ్చుకుంటాయి. బారాటాంగ్ దీవికి వెళ్లే దారి జారవా ఆదివాసుల అభయారణ్యం గుండా పోతుంది. వారి రక్షణకు 1956 నుంచి ప్రత్యేక నిబంధన అమలులో ఉంది, వారిని ఫోటో తీయడం నేరం, వాహనాలు వరుసకట్టి ఆగకుండా సాగాలి. సూర్యోదయానికి ఏనాడూ లేవని బృందం ఆ వరుసలో చోటు కోసం తెల్లవారుజామున మూడింటికే లేస్తుంది, అద్దాలకు ముక్కులు ఆనించి కూర్చుంటుంది, ఎవరూ కనబడకపోతే డబ్బు వృథా అయిందని నొచ్చుకుంటుంది. సాటి మనుషులను జంతుప్రదర్శనగా భావించడం అనాగరికమైతే, ఆ దారిలో అనాగరికులు అద్దానికి ఏ వైపున ఉన్నారో చెప్పనక్కరలేదు.

గుంపుగా తిరగడమే దోషమా అని సమర్థకులు అడగవచ్చు. కానే కాదు, అందుకు తెలుగులోనే గట్టి సాక్ష్యముంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట దాదాపు వందమంది పరివారం ఉంది, ప్రయాణం 15 నెలలు సాగింది. అంతమంది బాగోగులు చూసుకుంటూనే ఆయన మజిలీ మజిలీకి దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, బజారులో ఏముంది, జనం ఏం మాట్లాడుతున్నారు అని రాసుకున్నాడు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’ అయింది. వందమందితో వెళ్లినవాడు దేశాన్ని చూశాడు, ఎనిమిదిమందితో వెళ్లినవారు ఒకరినొకరు చూసుకుని వస్తున్నారు. కాబట్టి తప్పు సంఖ్యది కాదు, చూపుది; ఎక్కడికి వెళ్లినా తమ వీధినే మోసుకెళ్లేవారికి ఏ దీవీ దీవి కాదు, బాడుగ ఎక్కువైన మరో వీధి.

చివరి రోజున నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపానికి వెళ్లే చిన్న పడవలో అంతిమ లెక్కలు మొదలవుతాయి. పరాయి ఊరు గదా, ఎవరికి అర్థమవుతుందన్న ధీమాతో పీతల బిల్లు, సముద్రపు గది, ఒకరి అత్తగారి ప్రస్తావన దాకా అన్నీ అచ్చ తెలుగులో, పెద్ద గొంతుతో సాగుతాయి. 2011 జనగణన నాటికి ఆ దీవుల్లో నూటికి 13 మంది దాకా తెలుగు మాతృభాషగా గలవారేనని, వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వేటకూ కూలికీ వచ్చి స్థిరపడినవారేనని ఆ ఎనిమిదిమందిలో ఎవరికీ తెలియదు. భార్యాభర్తలు జంటజంటగా, అలిగిన వారికి దూరంగా, ఎక్కువమంది ఒకే పక్కకు జరిగి కూర్చున్నాక, చుక్కాని పట్టుకున్న మనిషి అంతసేపూ విన్నదాన్ని మనసులోనే ఉంచుకుని, ‘అలగలగ కాదు బాబూ, జంటలు సూసి కాదు, బరువు సూసి కూకోండి, నేకపోతే పడవ ఒరిగిపోద్ది’ అంటాడు. ఎవరి బరువు ఎంతో అంతే లెక్క అనే ఆ చిన్న న్యాయం ఆరు రోజుల్లో ఆ బృందానికి తట్టలేదు. పడవ కదిలాక మాత్రం ఎనిమిదిమందీ కిక్కురుమనకుండా లేచి, ఎవరి చోటికి వారు మారి కూర్చుంటారు.