ప్రజారాజ్యమా, నిన్ను పొగడనీ

నిన్ను తిట్టడానికి ఇన్నేళ్ళలో చాలామంది పోటీపడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది నీకు ఓటేసినవాళ్ళు కారు. నేను వేశాను. 2009 ఏప్రిల్ 23న, గోదావరి పక్క ఒక పల్లెటూరి బడిలో, ఎండలో వరుసకట్టి నిలబడి, రైలింజను బొమ్మ పక్కన మీట నొక్కాను. కాబట్టి నిన్ను పొగిడే హక్కు నాకుంది. పొగిడే ప్రతి మాటా మనసులోంచే వస్తుంది, ప్రతి మాటా నిజమే. అందుకే ఈ పొగడ్తలు నీకు తిట్లకన్నా ఎక్కువగా గుచ్చుకుంటాయని నాకు తెలుసు.

సినీనటుడు చిరంజీవి గారి పార్టీగా 2008 ఆగస్టు 26న తిరుపతిలో పుట్టావు. పుట్టిననాడే నీకున్నంత జనం పండు ముసలి పార్టీలకు కూడా లేదు. మా ఊరి కుర్రాళ్ళు సొంత డబ్బు పెట్టుకుని, రాత్రంతా రైల్లో నిలబడి తిరుపతి వెళ్ళొచ్చారు. తిరిగొచ్చాక వారం రోజులు వాళ్ళ కాళ్ళు నేలమీద లేవు. మొదటిసారి ఓటు చేతికొచ్చిన పిల్లలు వాళ్ళు. రాజకీయమంటే పెద్దల అరుగుమీది కబురు అనుకునేవాళ్ళ చేత జెండా పట్టించావు. అంత నమ్మకం ఇంకొకరికి దొరకాలంటే ముప్ఫయ్యేళ్ళు వీధుల్లో తిరగాలి. నీకు ఒక్క సాయంత్రంలో దొరికింది. కష్టపడి సంపాదించనిదాన్ని కాపాడుకోవాలని నీకు తట్టకపోవడం అక్కడే మొదలైంది.

నీకున్న పునాది మామూలుది కాదు. 1998 అక్టోబరు 2న చిరంజీవి గారు రక్తనిధి, నేత్రనిధి మొదలుపెట్టారు. కటౌట్లకు పాలాభిషేకాలు చేసే అభిమానిని పిలిచి, ఆ చెయ్యి ఇలా చాపు, ఒక సీసా రక్తం ఇవ్వు అన్నారు. ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఇచ్చారు. సినిమా పిచ్చిని సేవగా మార్చిన ఆ పని ముందు ఏ పార్టీ సభ్యత్వ నమోదు అయినా చిన్నదే. జిల్లా జిల్లాకీ అభిమాన సంఘాలు, వాటికి అధ్యక్షులు, కార్యదర్శులు. ఏ కుర్రాడి రక్తం ఏ గ్రూపో పుస్తకంలో రాసిపెట్టుకున్న యంత్రాంగం నీకు పునాది. ఏ పోలింగ్ బూత్‌లో ఎన్ని ఓట్లున్నాయి, ఏ ఇంట్లో ఎవరు ఎటు ఊగుతున్నారు, వలసపోయినవాళ్ళు ఎవరు, పోలింగునాడు ముసలమ్మను ఎవరు తీసుకురావాలి, లోపల ఏజెంటుగా సాయంత్రందాకా ఎవరు కూర్చోవాలి అన్న పుస్తకం మాత్రం నీ దగ్గర తయారు కాలేదు. ఆ పుస్తకం తెలుగుదేశం దగ్గర అప్పటికే పాతికేళ్ళుగా ఉంది. కాంగ్రెసు దగ్గర తాతలనాటినుంచీ ఉంది. చెయ్యి చాపి రక్తమిచ్చినవాణ్ణి ఓటరు జాబితా పట్టుకుని వీధి తిరగమంటే తిరగడా? తిరిగేవాడే.

అందరూ నిన్ను 1983తో కొలిచారు. నువ్వూ అదే కొలబద్ద పట్టుకున్నావు. ఎన్.టి. రామారావు గారు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు, తొమ్మిది నెలల్లో గద్దెనెక్కారు. నీకున్నది ఎనిమిది నెలలు. లెక్క సరిపోయినట్టే కనిపించింది. కానీ 1983లో ఎదురుగా ఉన్నది అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన కాంగ్రెసు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ కుర్చీ దాదాపు ఖాళీగానే ఉంది. నువ్వొచ్చేనాటికి అక్కడ రాజశేఖరరెడ్డి గారున్నారు. ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ, రెండు రూపాయల బియ్యం అందుకున్న ఇళ్ళున్నాయి. ప్రభుత్వం మీద కోపమున్నవాళ్ళకోసం తెలుగుదేశం అధినేత చంద్రబాబు గారు టీఆర్‌ఎస్‌నీ, రెండు కమ్యూనిస్టు పార్టీలనూ కలుపుకుని మహాకూటమి కట్టి కూర్చున్నారు. జనానికి కొత్త ముఖం కావాలన్నది నిజమే. కొత్త ముఖం వచ్చి ఏం చేస్తుందో కూడా వాళ్ళు అడిగారు. దానికి నీ దగ్గరున్న జవాబు మార్పు అన్న ఒక్క మాట.

ఆ మాట పక్కనే ఇంకో గొప్ప మాట ఉంది నీ దగ్గర, సామాజిక న్యాయం. దామోదరం సంజీవయ్య గారి రెండేళ్ళు తీసేస్తే దళితుడెవరూ ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కని రాష్ట్రంలో ఆ మాటను జెండాగా ఎత్తడం చిన్న సాహసం కాదు. బీసీలకు వందకు పైగా అసెంబ్లీ టికెట్లు ఇచ్చామని చెప్పావు. కరపత్రాల్లో పడివుండే మాటను బీ ఫారం మీదికి తెచ్చావు. ఈ విషయంలో నీకు నమస్కారం పెడతాను. పెట్టి, ఇది కూడా అడుగుతాను: బీ ఫారం చేతికిచ్చాక ఆ మనిషి వెనకాల ఎవరు నిలబడ్డారు? డబ్బున్న ప్రత్యర్థి మీదికి తొలిసారి పోటీకొచ్చినవాణ్ణి పంపినప్పుడు, అతనికి కావలసింది టికెట్టు కన్నా దన్ను. పైన చూస్తే అధ్యక్షుడు చిరంజీవి గారు, యువరాజ్యం బాధ్యత తమ్ముడు పవన్ కల్యాణ్ గారిది, టికెట్ల వ్యవహారంలో బావమరిది అల్లు అరవింద్ గారి మాట. అన్ని కులాలకూ వాకిలి తీసిన ఇల్లే, కానీ పెద్దగది మాత్రం ఒక కుటుంబానిది. టికెట్లు అమ్ముకున్నారన్న ఆరోపణ ఊరూరా తిరిగింది. అది నిజమా కాదా అని తేల్చడం నా పని కాదు. దాన్ని అబద్ధమని నమ్మించగలిగే మనిషి ఆ ఇంట్లో మిగలకపోవడమే నా బాధ. పార్టీ గొంతుగా ఉండాల్సిన పరకాల ప్రభాకర్ గారే ఎన్నికల ముంగిట పార్టీ ఆఫీసులో విలేకరులను కూర్చోబెట్టుకుని రాజీనామా ప్రకటించారు. చదువుకున్నవాళ్ళను పిలిచావు, అది నీ మంచితనం. వాళ్ళు వచ్చారు, అది వాళ్ళ నమ్మకం.

ఎవరి పంచనా చేరకుండా దాదాపు అన్ని సీట్లలోనూ ఒంటరిగా నిలబడ్డావు. ఆ నిబ్బరాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ మన ఎన్నికల పద్ధతిలో నిబ్బరానికి మార్కులు లేవు. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ ఏమీ రాదు. నీకు రాష్ట్రమంతటా దాదాపు 16 శాతం ఓట్లు పడ్డాయి. వచ్చినవి 294లో 18 సీట్లు. ఒక్క శాతం కూడా రాని మజ్లిస్‌కు 7 సీట్లొచ్చాయి. దాని ఓటంతా హైదరాబాదు పాతబస్తీలో ఒకచోట గుట్టగా ఉంది, నీ ఓటు శ్రీకాకుళం నుంచి చిత్తూరుదాకా పలచగా పరుచుకుంది. తెలంగాణలో నిర్మల్, బాల్కొండ తప్ప ఏమీ దక్కలేదు. లోక్‌సభకు ఒక్కరినీ పంపలేకపోయావు. ప్రభుత్వం మీద కోపంతో ఉన్న ఓటు నీకూ మహాకూటమికీ మధ్య చీలింది. 156 సీట్లతో కాంగ్రెసు మళ్ళీ వచ్చింది. ఎక్కడ గట్టిగా ఉన్నామో చూసుకుని అక్కడ దిగి, మిగతాచోట్ల నిదానించమని చెప్పేవాళ్ళు నీ చుట్టూ లేకపోలేదు. విను అని నీకు చెప్పగలిగేవాళ్ళే లేరు.

పాలకొల్లు సంగతి రాయాలంటే ఇప్పటికీ చెయ్యాడదు. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి గారు, ఆ పక్కనే పాలకొల్లులో ఓడిపోయి, తిరుపతిలో గెలిచారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చ గెలిచి ఇంట ఓడావు. మావాళ్ళు అభిమానం చంపుకుని ఓడించలేదు. చూడటానికి అందరూ వచ్చారు, ఓటు వేసేముందు మాత్రం రేపు నా రేషన్ కార్డు పని ఎవరితో చెప్పుకోవాలి అని ఆలోచించారు. తెరమీది మనిషి ఎదురొస్తే చెయ్యెత్తి దండం పెడతారు. గేటు దగ్గర నిలబడితే పలికేవాడికే ఓటేస్తారు. ఆ తేడా చెప్పడానికి నీకు ప్రతి మండలంలో ఒక మనిషి ఉండాల్సింది.

ఇన్ని చెప్పినా, నా లెక్కలో నువ్వు ఓడింది 2009 మే 16న కాదు. ఎనిమిది నెలల పార్టీకి 60 లక్షలకు పైగా ఓట్లు! ఆ మూట చాలదని నీకు ఎవరు చెప్పారు? అధికారం రాలేదు గనక అంతా పోయిందనుకున్నావు. 18 మంది సభ్యులతో అసెంబ్లీలో నిలబడి అయిదేళ్ళు రైతు గురించి, చేనేత గురించి, గల్ఫుకు పోయిన ఆడకూతుళ్ళ గురించి మాట్లాడి ఉంటే 2014 వేరేగా ఉండేది. సామాజిక తెలంగాణ అన్నావు, 2009 డిసెంబరులో ప్రత్యేక తెలంగాణ ప్రకటన వచ్చాక సమైక్యాంధ్ర అన్నావు, దాంతో తెలంగాణ కుర్రాడు కండువా తీసి గూట్లో పెట్టాడు. 2011 ఫిబ్రవరి 6న కాంగ్రెసులో కలిసిపోతున్నట్టు ఢిల్లీలో ప్రకటన వచ్చింది. ఇక్కడి కుర్రాడూ తీసి పెట్టాడు. మార్చేస్తామని ఎవరిమీద ఓటడిగావో వాళ్ళింటికే వెళ్ళావు. మరుసటేడాది చిరంజీవి గారు రాజ్యసభ సభ్యులయ్యారు, కేంద్రమంత్రి అయ్యారు. మంచి మంత్రే కావచ్చు. మేము ఓటేసింది దానికి కాదు.

నిలబడితే ఏమవుతుందో చూపించింది కూడా మీ ఇల్లే. 2019లో పవన్ కల్యాణ్ గారి జనసేన పార్టీకి నీకొచ్చిన శాతంలో సగం కూడా రాలేదు. ఆయన గాజువాకలోనూ భీమవరంలోనూ ఓడారు, రాజోలు ఒక్కటే దక్కింది. దుకాణం కట్టేస్తారని అందరూ అనుకున్నారు. కట్టలేదు. 2024లో తెలుగుదేశం, బీజేపీలతో కలిసి 21 సీట్లకు పోటీచేసి 21 గెలిచారు. ఆ పార్టీ దారులన్నీ నాకు నచ్చవు, అది వేరే మాట. ఓడిన మర్నాడు ఆఫీసు తలుపు తీసి ఉంచడం మాత్రం వాళ్ళు నేర్చుకున్నారు. నీ దగ్గర నేర్చుకున్నారు, నువ్వు మూసిన తలుపు చూసి.

నీకు 60 లక్షలకు పైగా మనుషులం ఓటేశాం. కలిపేసేముందు మాలో ఎవరినీ ఒక్క మాట అడగలేదు.