తెలుగు మహాసభల్లో క్యూలు: వినకూడని సలహాలు

అమెరికాలో తెలుగు సంఘాల మహాసభలకు ఏర్పాట్లు మొదలైతే చాలు, కమిటీలో ఎవరో ఒకరు అనే మాట ఇది: "మనవాళ్ళకి లైన్లో నిలబడటం రాదు. వాలంటీర్లని గట్టిగా అరవమనండి."

వినకండి. ఆ మనవాళ్ళే తిరుమలలో వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చుంటారు. ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్లో పల్లెత్తు మాట అనకుండా నిలబడతారు. తమ వంతు వస్తుందని అక్కడ నమ్మకం. మన భోజనాల హాల్లో గారెలు అయిపోతాయేమోనని భయం. తోపులాట ఆ భయంలోంచే పుడుతుంది, దాన్ని తీర్చాల్సింది పిలిచినవాళ్ళే.

"రిజిస్ట్రేషన్ టేబుళ్ళని ఇంగ్లీషు అక్షరాల వరసలో సమానంగా పంచేయండి" అనేది రెండో సలహా. మన ఇంటిపేర్లు అలా పంచుకోలేదు. కె, పి, ఎం టేబుళ్ళ ముందు లైను స్తంభాలు చుట్టి వస్తుంటే, క్యూ, ఎక్స్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఫోన్ చూసుకుంటుంటాడు. అన్ని లాప్‌టాప్‌లలోనూ అందరి పేర్లూ ఉంచి, మెలికలు తిరిగే ఒకే లైను పెట్టండి. ఏ టేబుల్ ఖాళీ అయితే ముందున్నవాళ్ళు దానికి వెళతారు. పేరు తప్పు పడినవాళ్ళకి, అత్తగారి బ్యాడ్జి దొరకనివాళ్ళకి విడిగా ఒక బల్ల వేయండి, లేకపోతే ఒక్కరి సమస్య వందమందిని ఆపేస్తుంది.

ఇక భోజనాలు. "ఒక పెద్ద బఫే చాలు, జనం మెల్లగా తింటారు" అనేవాళ్ళని కాగితం తీసి లెక్క వేయమనండి. బల్లకి ఒక్కో వైపు నుంచి ఆరు సెకన్లకొకరు బయటికొస్తారనుకుందాం. రెండు వైపులా కలిపి నిమిషానికి 20 మంది, గంటకి 1,200. వచ్చినవాళ్ళు 4,000 మందైతే చివరివాళ్ళు తినేసరికి మూడు గంటలు దాటుతుంది. అలాంటి బల్లలు నాలుగు వేస్తే యాభై నిమిషాల పని. ఆ ఆరు సెకన్లు నిలవాలంటే వేడివేడి దోసెల కౌంటర్ని లైను మధ్యలో పెట్టకూడదు, అది దూరంగా తన లైను తను పెట్టుకుంటుంది. పచ్చళ్ళు, పొడులు, నెయ్యి, మంచినీళ్ళు తినే బల్లల మీదే ఉండాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి, పసిపిల్లల తల్లులకి కూర్చున్నచోటికే పళ్ళెం తెచ్చివ్వండి. ఊళ్ళో పెళ్ళిళ్ళలో ఆ మర్యాద ఎవరూ గుర్తుచేయాల్సిన అవసరం ఉండదు.

డోనర్లని మధ్యలో దూర్చమంటారు. వాళ్ళకి వేరే లైను పెట్టి, బోర్డు రాయండి. కనిపించే ఏర్పాటుని జనం ఒప్పుకుంటారు, చాటుగా చేసినదాన్ని సహించరు.

అన్నిటికంటే ప్రమాదమైన సలహా: "హీరో వచ్చాకే తలుపులు తీయండి, ఊపు ఉంటుంది." 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో హీరో వచ్చిన ప్రీమియర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక మహిళ చనిపోయింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో ఆరుగురు పోయారు. ఓపిక లేనివాళ్ళా ఆ భక్తులు? కిక్కిరిసిన గుంపులో వెనకున్నవాళ్ళకి ముందు ఎవరు పడ్డారో తెలియదు, ఒక్కొక్కరు ఒక్క అడుగే వేస్తారు, ఆ అడుగులన్నీ కలిసి ముందువాళ్ళ ఊపిరి తీస్తాయి.

కాబట్టి తలుపులు గంట ముందే, అన్నీ ఒకేసారి తీయండి. హీరో రాకకి వేరే దారి, చెప్పని సమయం ఉండాలి. అమెరికా అగ్నిప్రమాద భద్రతా నియమావళి ఎన్‌ఎఫ్‌పీఏ 101 పెద్ద సభల్లో 250 మందికొక శిక్షణ పొందిన క్రౌడ్ మేనేజర్ ఉండాలంటుంది. 4,000 మందికి పదహారుగురు. వాళ్ళలో కొందరిని క్యూ చివర కూడా నిలబెట్టి, చేతికి మైకివ్వండి. ముందేం జరుగుతోందో, ఇంకెంతసేపు పడుతుందో వెనకవాళ్ళకి తెలుగులో చెబుతుండమనండి.