వీడియో చిక్కించే పద్యానికి టీకాతాత్పర్యాలు

ఆ.వె.
పెద్దదాయె నీదు బిడ్డవేడుకబొమ్మ
కడలి దాటదాయె గదర తండ్రి
చిక్కజేసి పంపు చిటికెలో నొక్కింత
ముఖము చెడక యుండ ముద్దుగాను

అవతారిక: ఈ పద్యాన్ని ప్రబంధాల్లో వెతకవద్దు. శ్రీకాకుళం జిల్లాలో ఉండే ఒక పెద్దమ్మ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న చెల్లెలి కొడుక్కి పంపిన వాయిస్ మెసేజ్ ఇది. ఆటవెలదిలో ఇరికించిన పాపం మాత్రం టీకాకర్తది. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారింది గానీ పెద్దమ్మకు అది ఇప్పటికీ ‘అండమాన్’ మాత్రమే. సందర్భం మనవరాలి మొదటి పుట్టినరోజు. స్థలం కార్బిన్స్ కోవ్ బీచి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. కనుక ఇలాంటి మెసేజ్ ఏ రోజైనా ఏదో ఒక తెలుగింటికి వస్తూనే ఉంటుంది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ కొల్చారం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడట. మొదటిది పాటిస్తాను. రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం: తండ్రి = ఓ నాయనా; నీదు = నీయొక్క; బిడ్డవేడుకబొమ్మ = పాప పుట్టినరోజు వీడియో; పెద్దదాయె = మెగాబైట్లలో బలిసెను; కడలి = బంగాళాఖాతమును; దాటదాయె గదర = దాటలేదు కదరా; (కనుక) చిటికెలో = త్వరగా; ఒక్కింత = కొంచెము; చిక్కజేసి = సన్నబరిచి; ముఖము చెడక యుండ = పాప మొహం పాడవకుండునట్లు; ముద్దుగాను = ముద్దుగా; పంపు = పంపుము. (‘లింకు ఇయ్యి’ అని అర్థం చెప్పకూడదు. పెద్దమ్మ లింకులు నొక్కదు.)

తాత్పర్యం: వీడియో చిన్నది చేసి పంపు.

ఇంతటితో పని అయిపోయినట్టే. కానీ టీక మిగిలింది.

‘పెద్దదాయె’: ఎంత పెద్దది? ఈ కాలపు ఫోను 4కె లో తీస్తే రకాన్ని బట్టి నిమిషానికి సుమారు 170 నుంచి 350 ఎంబీ దాకా అవుతుంది. పై హద్దు లెక్కన మన మూడు నిమిషాల బొమ్మ 1,050 ఎంబీ. దాన్ని మాటవరసకి 16 ఎంబీకి దించాలంటే సుమారు అరవై ఆరో వంతు చేయాలి. పెద్దమ్మ ‘ఒక్కింత’ అన్నది. ఇది అతిశయోక్తికి తలకిందులైన అలంకారం, లాక్షణికులు దీనికి పేరు పెట్టినట్టు లేదు.

‘కడలి దాటదాయె’: ఇక్కడ పూర్వపక్షి లేచి, “చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది కదా, ఇంకా దాటకపోవడమేమిటి?” అంటాడు. వచ్చిన మాట నిజం. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల దాకా. అంతకుముందు దీవుల నెట్ అంతా ఉపగ్రహం దయ. 512 కెబిపిఎస్ లైనులో మన 1,050 ఎంబీ బొమ్మ నాలుగున్నర గంటలు పాకుతుంది, మధ్యలో లైను తెగకపోతే. ఆ రోజుల్లో వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసి విశాఖ ఓడెక్కే మనిషి చేతిలో పెట్టడమే వేగమైన మార్గమని టీకాకర్త అభిప్రాయం. అయితే కేబుల్ దిగినవి పోర్ట్ బ్లెయిర్‌తో కలిపి ఎనిమిది చోట్లే. జనం ఉన్న దీవులు అంతకంటే చాలా ఎక్కువ. పైగా అవతలి ఒడ్డున పెద్దమ్మ ఫోన్ ఉంది. దాని మెమరీ గుడ్‌మార్నింగ్ బొమ్మలతో నిండి ఉంది. ఏ కేబులూ అక్కడిదాకా రాదు.

‘చిక్కజేసి’: ఎవరు చిక్కజేయాలన్న దానిపై మతభేదాలున్నాయి. వాట్సాప్ మతస్థులు, “అదే నలుపుతుంది, మనకెందుకు శ్రమ” అంటారు. నలుపుతుంది నిజమే, మనల్ని అడగకుండా నలుపుతుంది. డాక్యుమెంటుగా పంపితే నలపదు, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు మోస్తుంది; అప్పుడు భారమంతా పెద్దమ్మ ఫోన్ మీద పడుతుంది. ఇంకొందరు వీడియోలు చిన్నవి చేసిపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయంటారు. ఈ మతం తర్కానికి నిలవదు. కడలి దాటడం కోసం బొమ్మను చిక్కించాలి. ఆ సైటు చిక్కించాలంటే పూర్తి బొమ్మ ముందు కడలి దాటి దాని దగ్గరికి చేరాలి!

కాబట్టి సొంత కంప్యూటర్‌లోనే చేయాలని సిద్ధాంతం. అందుకు హ్యాండ్‌బ్రేక్ ఉంది. ఎరిక్ పెటిట్ 2003లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, డబ్బు అడగదు, వీడియో మూలకు తన ముద్ర వేయదు. లోపల అసలు పని చేసేవి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఎక్స్264 వంటి స్వేచ్ఛా పనిముట్లే.

అవి చేసేది ఆలంకారికులకు తెలిసిన పనే: పునరుక్తి దోషాన్ని తీసేయడం. సెకనుకు ముప్పై బొమ్మల్లో గోడ మారదు, బల్ల మారదు. ఒక్కసారి పూర్తిగా రాసి, తర్వాత ‘పూర్వవత్’ అని ఊరుకుంటాయి. కదిలినదాన్ని ఎటు ఎంత జరిగిందో మాత్రం చెబుతాయి. కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేస్తాయి. ఇంట్లో కేకు కోసిన వీడియో ఇట్టే చిక్కిపోవడం అందుకే.

కాని మన బొమ్మ కార్బిన్స్ కోవ్‌లో తీసింది. వెనక సముద్రం. అల ఎప్పుడూ చెప్పిందే చెప్పదు. నురగ ఒక బొమ్మలో ఉన్నట్టు ఇంకో బొమ్మలో ఉండదు. పునరుక్తి లేని కావ్యాన్ని ఏ సంగ్రహకర్త కుదిస్తాడు? దీవుల్లో తీసిన ఇంటి వీడియోలు బలిసి ఉండటానికి 4కె ఒక కారణమైతే, వెనకున్న సముద్రం రెండో కారణం. గాలికి ఊగే కొబ్బరాకులు దానికి తోబుట్టువులు. ఫోన్ పట్టుకున్న బాబాయి చెయ్యి వణికితే గోడ కూడా సముద్రంతో సమానమే.

‘ముఖము చెడక యుండ’: పద్యానికి ప్రాణం ఈ పాదం. ఫైలు ఇంతే ఉండాలని పరిమాణం ముందే బిగిస్తే, ఆ కొద్ది బిట్ల కోసం పాప మొహమూ అలలూ పోటీ పడతాయి. అలలదే సింహభాగం. మొహం గళ్ళుగళ్ళుగా మిగులుతుంది. కనుక పరిమాణం బిగించకుండా నాణ్యతను బిగించాలి. హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది (గోల్ఫ్ ఆడేవారికి ఇది వింత కాదు). 1080పి వీడియోకి 20 నుంచి 24 మధ్య ఉంచమంటారు. ఆ అంకెను ఆరు పెంచితే ఫైలు రమారమి సగమవుతుంది. పెద్దమ్మ ఫోన్ అరచెయ్యంత కనుక 720పి చాలు, అంకె 24 ఉంచినా ఆమె కంట పడదు. 4కె నుంచి 720పి కి దిగితే చుక్కలు తొమ్మిదో వంతే. ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ గడిలో టిక్ పెడితే పూర్తిగా దిగకముందే ఆడటం మొదలవుతుంది.

ఇంత చేసినా సముద్రం చాలా చోటే తింటుంది. దానికి మందు కత్తిరింపు ఒక్కటే. ఏ సెకను నుంచి ఏ సెకను దాకా కావాలో హ్యాండ్‌బ్రేక్‌లోనే ఇవ్వవచ్చు. ఒకటిన్నర నిమిషం సేపు ఉత్త అలలే ఉన్నాయి. ఉప్పునీరు చూడాలంటే పెద్దమ్మకు కళింగపట్నం ఉంది.

‘చిటికెలో’: ‘గంటలో’ అని పాఠాంతరం ఉండాలని పాత లాప్‌టాప్ ఉన్నవారి వాదన. ఛందస్సు ఒప్పుకోదు గాని వాదన సబబే. హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఎంచుకుంటే ఫైలు ఇంకా తగ్గుతుంది, కాలం పెరుగుతుంది, పాత ఫోన్లు కొన్ని దాన్ని ఆడించలేవు. పెద్దమ్మ విషయంలో 2003 నాటి హెచ్.264 మేలు.

వ్యాకరణ విశేషం: సంబోధన కనుక ‘తండ్రీ’ అని దీర్ఘం ఉండాలి. గణం కోసం హ్రస్వమైంది. పద్యమూ తన మాట తాను పాటించి చిక్కింది.

ఒక్క విన్నపం. చిక్కిన బొమ్మ మళ్ళీ బలవదు. పారేసిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. చిన్నది పెద్దమ్మకు పంపండి. 1,050 ఎంబీ మూలాన్ని ముందు హార్డ్‌డిస్క్‌లోకి దించి, అది ఆడుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఫోన్‌లోంచి చెరపండి.