మాజీ మేనేజర్ మీద మన ధైర్యం

మిషిగన్‌లోని ట్రాయ్‌లో తెలుగువాళ్ళ ఇంటికి అసలు హాలు బేస్‌మెంటే. పైన సోఫాలు వచ్చినవాళ్ళకి చూపించడానికి. కింద గోడంత టీవీ, క్యారమ్ బోర్డు, కాస్ట్‌కో మడత కుర్చీలు, పేపర్ ప్లేట్లలో మిరపకాయ బజ్జీలు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి డెట్రాయిట్ లయన్స్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొదలవుతుంది. ప్రకటనలు రాగానే టీవీ గొంతు తగ్గించి, మాజీ కోచ్ మ్యాట్ పాట్రీషియా మీద విచారణ మొదలుపెడతారు. ఆయన ఉద్యోగం 2020 నవంబరు 28నే ఊడింది. కేసు మాత్రం ఇంకా కొట్టేయలేదు. వాయిదాలు మనవాళ్ళకి కొత్తా?

లయన్స్‌కి చెడ్డ కోచ్‌లు కరువేం కాదు. 2008లో పదహారు ఆటలాడి పదహారూ ఓడిన జట్టిది. అప్పటి కోచ్ రాడ్ మారినెల్లి పేరు బేస్‌మెంట్లో సగంమందికి తెలీదు. పాట్రీషియా మీదే ఇంత కసి ఎందుకంటే, ఆయన ఇంజనీరు. అదీ ఏరోనాటికల్. చదివింది రెన్సలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో. అదున్న ఊరు కూడా ట్రాయే, కాకపోతే న్యూయార్క్ రాష్ట్రంలోది. అణు జలాంతర్గాములు చూసుకునే ఉద్యోగం పిలిచి ఇస్తామన్నా కాదని ఫుట్‌బాల్‌లోకి వచ్చాడు. ఈ ముక్క వినగానే తల్లులు పిల్లల చేతుల్లోంచి బంతి లాక్కుంటారు. ఇంజనీరింగ్ చదివి వేరే పనిలో దిగినవాణ్ణి మనవాళ్ళు క్షమించరు, సినిమా డైరెక్టరైతే తప్ప.

అసలు ఆయన్ని తెచ్చిన తీరే ముచ్చట. అంతకుముందు కోచ్ జిమ్ కాల్డ్‌వెల్ వరసగా రెండేళ్ళు 9-7 గెలుపోటములు తెచ్చాడు. ఫస్ట్ క్లాసు చాలదు, డిస్టింక్షన్ కావాలని పంపించేశారు. పాట్రీషియా అప్పుడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో డిఫెన్సు చూసేవాడు. 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్‌లో ఆ డిఫెన్సు మీద ఫిలడెల్ఫియావాళ్ళు, బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకుని మరీ, 41 పాయింట్లు కొట్టారు. మర్నాడే డెట్రాయిట్ ఆయన్ని హెడ్ కోచ్‌గా ప్రకటించింది. ఆఫర్ లెటర్ ముందే టైపు చేసి పెట్టుకుంటే చివరి రౌండు ఇంటర్వ్యూ ఎవరు చూస్తారు?

సెప్టెంబరు 10న మొదటి ఆట, ఫోర్డ్ ఫీల్డ్‌లో, న్యూయార్క్ జెట్స్‌తో. జెట్స్ కొత్త కుర్రాడు శామ్ డార్నల్డ్ విసిరిన తొలి బంతినే మన క్వాండ్రీ డిగ్స్ పట్టుకుని ఉరికి టచ్‌డౌన్ చేశాడు. బేస్‌మెంటంతా లేచి నిలబడింది, చట్నీ కార్పెట్ మీద పడింది. ఆట ముగిసేసరికి 48-17. గెలిచింది జెట్స్. పైగా మీ సైగలన్నీ మాకు ముందే తెలిసిపోయాయని వాళ్ళ ఆటగాడొకడు చెప్పాడు. చట్నీ మరక ఇప్పటికీ ఉంది.

ఇక ఆయన వ్యూహం. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదకి ముగ్గుర్నే పంపి, మిగతావాళ్ళని తలా ఒకణ్ణి అంటిపెట్టుకుని తిరగమనేవాడు. ఆ క్వార్టర్‌బ్యాక్, పెళ్ళి బఫేలో ఏ స్వీటు ముందు తినాలా అని నిలబడ్డ మేనమామంత తీరిగ్గా, బంతి పట్టుకుని నాలుగు దిక్కులూ చూసుకునేవాడు. ఎంతసేపని అంటిపెట్టుకుంటారు? ఎవడో ఒకడు జారిపోతాడు, బంతి వాడి చేతిలో పడుతుంది.

మన బేస్‌మెంట్లో ఆటో కంపెనీలకి విడిభాగాలిచ్చే సంస్థల క్వాలిటీ ఇంజనీర్లే ఎక్కువ. వాళ్ళు ఊరికే తిట్టరు, ఎక్సెల్ తెరుస్తారు. ఒకాయన పాట్రీషియా డిఫెన్సుకి ఎఫ్ఎంఈఏ షీటు, అంటే ఏది ఎలా చెడుతుందో మార్కులేసే పట్టిక, తయారుచేశాడు. సివియారిటీ పదికి పది. అకరెన్స్ పదికి పది. డిటెక్షన్ ఒకటి, ఎందుకంటే లోపాన్ని పై వరసలో పాప్‌కార్న్ తినేవాడు కూడా కనిపెట్టేశాడు. గుణిస్తే వంద. వంద దాటితేనే చర్య అని ఒకరు, వందకే చర్య అని ఇంకొకరు వాదించుకుని, ఇంకో సీజన్ చూద్దామని తేల్చారు. 2019లో 3-12-1 వచ్చాక లయన్స్ యాజమాన్యం చేసిందీ ఇదే.

ఆయన పక్షాన మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి ప్రెస్‌మీట్‌లో ప్రశ్న అడిగిన విలేఖరిని, ముందు నిటారుగా కూర్చోమన్నాడు పాట్రీషియా. అమెరికా పత్రికలు దుమ్మెత్తిపోశాయి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివొచ్చిన మనవాళ్ళకి మాత్రం వార్డెన్ గుర్తొచ్చి ఆయన మీద కాస్త గౌరవం పుట్టింది.

ఈ మధ్య సికింద్రాబాద్ నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఈ గోలంతా విని, రహీం సాబ్ సంగతెత్తారు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో, తలకి కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారట. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన దేశం గెలుపు, 2-1. ఒక గోలు ఆ జర్నైల్ సింగ్‌దే. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, మరుసటేడే పోయారు. బేస్‌మెంట్ శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "ఆయన ఏ బ్రాంచ్ అంకుల్?" బడిపంతులు బాబూ, అన్నారు పెద్దాయన. బజ్జీల ప్లేటు అవతలి వరసకి వెళ్ళిపోయింది.

ఇంత పదునైన న్యాయమూర్తులు సోమవారం పొద్దున ఎనిమిదిన్నర మీటింగ్‌లో ఏం చేస్తారో కూడా చెప్పాలి. మ్యూట్‌లో ఉంటారు. ప్రస్తుత మేనేజరు ఏడుగురి పని ముగ్గురి మీద వేస్తే, అంటే అచ్చం పాట్రీషియా వ్యూహమే అమలుచేస్తే, "గ్రేట్ ఐడియా" అని చాట్‌లో బొటనవేలు ఎత్తుతారు. ఎత్తక? హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. గ్రీన్ కార్డు వరసలో పిల్లలు పెద్దవాళ్ళైపోతున్నారు. ఇప్పటి కోచ్ డాన్ క్యాంబెల్ జోలికీ అందుకే వెళ్ళరు. 2024 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో మీద సగం ఆటకి 24-7 ఆధిక్యంలో ఉండి, తర్వాత ఫీల్డ్ గోల్‌ కొట్టే వీలున్నా రెండుసార్లు కాదని, 34-31తో ఓడారు. అది పాట్రీషియా చేసుంటే మూర్ఖత్వం. సీట్లో ఉన్నాయన చేశాడు కాబట్టి "విజన్". ఆయనా మాజీ అయ్యాక ఫైలు తెరుస్తారు, తొందరేముంది!

ఇంతలో 2025లో పాట్రీషియా ఓహయో స్టేట్‌ యూనివర్సిటీలో డిఫెన్సు పగ్గాలు పట్టాడు. ట్రాయ్ తెలుగింట్లో ఒక పిల్లాడైనా ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీలో చదువుతుంటాడు కాబట్టి ఓహయో అంటే పాలివాళ్ళ పగ. నవంబరు 29న ఆ డిఫెన్సు సరాసరి ఆన్ ఆర్బర్‌కే వచ్చింది. 27-9. మిషిగన్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది.

బేస్‌మెంట్ అత్యవసరంగా సమావేశమైంది. ఎఫ్ఎంఈఏ షీటు మళ్ళీ తెరిచారు. లోపం ఆయన డిజైన్‌లోనే ఉంటే ఓహయోలోనూ కనిపించాలి కదా అని ఒకరు. డెట్రాయిట్లో మనం మూడేళ్ళు పెట్టిన చీవాట్ల వల్లే బాగుపడ్డాడని ఇంకొకరు. ఇంజనీర్లు కదా, ఆధారం మారితే తీర్పు మార్చుకోవాల్సిందే. మార్చుకున్నారు కూడా. తప్పు పాట్రీషియాది కాదట, ఆయన్ని ఏరికోరి తెచ్చిన జనరల్ మేనేజర్ బాబ్ క్విన్‌దట. ఆయన్నీ అదే రోజు తీసేశారని ముందు రూఢి చేసుకుని, అప్పుడు గొంతు పెంచారు.