అంట్లు తోమని దాలి భక్తులు

పండక్కి పాలకొండకో చీపురుపల్లికో వచ్చిన పెద్దమనుషులు అరుగెక్కితే రెండో మాట దాలి గురించే. ఆ గుంటపొయ్యిలో పిడకల సెగ మీద పొద్దల్లా కాగిన పాలు, ఎర్రటి మీగడ, ఆ రుచి ఇప్పుడెక్కడిదని నిట్టూర్పు. రుచి గొప్పదే, కాదనను. ఆ కుండ ఎవరు తోమారని మాత్రం ఒక్కరూ నిట్టూర్చరు. వీరి లెక్కన దాలికుండ తనంతట తానే స్నానం చేసి, ఎండలో ఆరి, మర్నాటి పాలకు సిద్ధమయ్యేది కాబోలు!

మట్టికుండ ఒళ్లంతా రంధ్రాలే. వాటిలో పాల జిడ్డు పులిస్తే మర్నాటి పాలు విరిగిపోతాయి. అందుకే అడుగున మాడింది గీరి, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి రుద్ది, వేణ్ణీళ్లతో కడిగి, ఎండలో బోర్లించాలి. సబ్బు పనికిరాదు, కుండ పీల్చేసుకుంటుంది. పిడకలు కొట్టిందీ, పొగ మింగిందీ, కుండ రుద్దిందీ ఒకరు. మీగడ మీద ఉపన్యాసం ఇంకొకరిది.

ఇత్తడి భక్తులు మరో రకం. బుడితి ఊరి ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఆరోగ్యమని సలహా ఇస్తారు. లోపల తగరం కళాయి లేకపోతే ఆ పులుసు కిలుమెక్కుతుందనీ, ఇనుప పీచుతో తోమితే కళాయి గీసుకుపోతుందనీ తెలియాలంటే ఒక్కసారైనా నూతిగట్టు దగ్గర కూర్చోవాలిగా.

ఇప్పుడీ భక్తికి కరెంటు వచ్చింది. పేరు స్లో కుక్కర్. దానికి 1940లో పేటెంటు పొందిన ఇర్వింగ్ నాక్సన్, లిథువేనియాలో రొట్టెల పొయ్యిలో రాత్రంతా ఉడికే వంట గురించి తల్లి చెప్పిన కబుర్లు విని దాన్ని తయారుచేశాడట. వంట ఆడవాళ్లది, పేటెంటు కొడుకుది. 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారుకొచ్చినప్పుడు లోపలి గిన్నె ఊడి వచ్చేదే కాదు. తోమేవాళ్లు కూడా ఉంటారని తట్టి, ఊడే గిన్నె పెట్టేసరికి 1974 వచ్చింది.

ఆ యంత్రమే ఇప్పుడు డాలస్ కొడుకు సూట్‌కేసులో దిగుతుంది. "అన్నీ వేసి, మీట నొక్కి మర్చిపోవడమేనమ్మా!" అది 120 వోల్టులది, మన గోడలో ఉన్నది 230. చిన్న అడాప్టరు ప్లగ్గు ఆకారం మారుస్తుంది గాని వోల్టేజీని మార్చదు. మర్చిపోయినా పొగే గుర్తుచేస్తుంది.

పోనీ ఇక్కడే కొన్నారనుకుందాం. గంటల తరబడి ఉడికిన పప్పు గిన్నె అంచున పెచ్చుకడుతుంది. వేడి మీద చన్నీళ్లు పోస్తే పింగాణీ పగులుతుంది. చల్లారనిచ్చి, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా వేసి నానబెట్టి, మెత్తటి పీచుతో రుద్దాలి. కింది భాగాన్ని నీళ్లలో ముంచకూడదు. ప్లగ్గు తీసి తడిగుడ్డతో తుడవాలి. మర్చిపోవడానికి ఇన్ని గుర్తుపెట్టుకోవాలన్నమాట.

"బాగుంది గాని నాయనా, గిన్నె ఎవులు తోమాల?" అని తల్లి వీడియో కాల్‌లో అడిగితే, సరిగ్గా అప్పుడే డాలస్‌లో సిగ్నల్ పోతుంది.