వేగుచుక్క మీద విచారణ

ఏమబ్బీ, తల వంచుకుని ఆ ఫోనులో ఏం వెతుకుతున్నావో గానీ, మా రోజుల్లో తలెత్తితేనే లోకం తెలిసేది. అందులోనూ మన అనంతపురం జనం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే దిక్కులేని నేల. మబ్బు కోసం చూసీ చూసీ, అది ఎటూ రాదు కాబట్టి, చుక్కలన్నా గుర్తుపట్టడం నేర్చుకున్నాం. పిల్లలకోడి ఏది, గొర్రుకొయ్యలు ఏవి అని గొర్రెలు కాసే పిల్లోణ్ణి అడిగినా వేలు పెట్టి చూపేవాడు. వేగుచుక్క పొడిస్తే మా నాయన కపిల కట్టాల్సిందే. ఎద్దులు ముందుకీ వెనక్కీ నడుస్తుంటే బాన నిండా నీళ్ళు పైకొచ్చి, తోలు తొండంలోంచి కాలవలోకి బళ్ళున పడేవి. ఇప్పుడు బోరు మీట నొక్కడమే, అదీ కరెంటుంటే. సరే, దాన్ని ఇంకోరోజు తిడతాను.

నేను చెప్పొచ్చేది లడఖ్ సంగతి. 2012లో పాంగాంగ్ సరస్సు వైపు కాపలా కాసే మన సైనికులకు ఆకాశంలో ఏవో వెలుగులు కనబడ్డాయి. చైనావోడి డ్రోన్లే అనుకున్నారు. ఆగస్టు నుంచి మరుసటేడు ఫిబ్రవరి దాకా 329 సార్లు చూసినట్టు రాసిపెట్టారు, అందులో 155 సార్లు సరిహద్దు దాటొచ్చాయని లెక్క తేల్చారు. చివరికి బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలను పిలిస్తే వాళ్ళు చూసి చెప్పిందేమిటి? ఒకటి గురుడు, ఇంకొకటి శుక్రుడు. శుక్రుడంటే ఎవరనుకున్నావు, మా నాయన కపిల కట్టిన వేగుచుక్కే! ఆ ఎత్తులో గాలి పలచన, చుక్కలు మరీ మండుతూ కనబడతాయి, ఎదురుగా చైనావోడు, కుర్రాళ్ళను తప్పుపట్టను. కానీ మా గొర్రెలోణ్ణి ఒక్కణ్ణి పంపుంటే కంబడి కప్పుకుని ఒక్క రాత్రిలో తేల్చేవాడు.

ఇలాంటిదే ఇంకో సంగతి. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో ఎగురుతోందని విమానాలన్నీ ఆపేశారు. వైమానిక దళం రాఫెల్ యుద్ధవిమానాన్ని పంపింది. అది వెతికి తిరిగొచ్చాక ఇంకోదాన్ని పంపింది. దొరికింది సున్న.

మా రోజుల్లో విచారణంటే మా అవ్వది. చేలో వెలుగు కదిలిందా, కొరివిదయ్యమే. వేపమండ, రాళ్ళుప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి, చూసినోడికి దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటు రాకుంటే దయ్యం, దగ్గొస్తే ఎవడో బీడీ ముట్టించినట్టు. తెల్లారేలోగా తీర్పు! అమెరికా వైమానిక దళమైతే, ఆకాశంలో ఏదో కనబడిందని 1947 నుంచి 1969 దాకా వచ్చిన 12,618 ఫిర్యాదులు, చివరికి బ్లూబుక్ అని పేరుపెట్టి మరీ విచారించి, 701 తేల్చలేక వదిలేసింది. మా అవ్వ దగ్గర ఒక్కటీ పెండింగు లేదు. చీకటిపడ్డాక ఊళ్ళో ఎవడూ ఆ చేని దారి తొక్కలేదనుకో, అది వేరే సంగతి.

ఇదంతా మా మనవడికి చెబితే, "మరి గురుడేడి తాతా, చూపించు" అన్నాడు. మబ్బేసిందిలే పడుకో అన్నాను. అనంతపురంలో మబ్బంటే వాడు మాత్రం నమ్ముతాడా, పడీ పడీ నవ్వాడు.

నువ్వూ నవ్వింది చాల్లే. ఈ రాత్రికి ఫోను కింద పడేసి మిద్దె మీద పడుకో. తెల్లారుజామున తూర్పున ఏదన్నా ధగధగ మెరిస్తే, పోలీసులకో సైన్యానికో కబురంపక ముందు, ఇంట్లో ముసలోళ్ళను లేపి అడుగు.